1969 జీటీఓ 'జడ్జ్': అరుదో కాదో తేల్చుకుని, హాయిగా నడుపుకోవడం (నా అనుభవం)

అమెరికన్ కంపెనీ పాంటియాక్ 1969 మోడల్ జీటీఓ కార్లు మొత్తం 72,287 తయారుచేసింది. హార్డ్‌టాప్‌లు (కదలని రేకు పైకప్పువి) 64,851, కన్వర్టిబుల్స్ (పైకప్పు మడిచేసేవి) 7,436. వీటిలో బలమైన ఇంజను, ప్రత్యేక అలంకరణ ఉన్న 'ది జడ్జ్' అనే అదనపు ప్యాకేజీతో బయటికొచ్చినవి 6,725 హార్డ్‌టాప్‌లు, 108 కన్వర్టిబుల్స్. అమెరికాలో పాత కార్ల మేళాల్లో ఈ కారు ముందు ఆగినప్పుడల్లా నేను మొదట గుర్తుచేసుకునేది ఈ లెక్కే. యజమాని చెప్పే కబుర్లలో సగం ఇక్కడే తేలిపోతాయి. మిగతా సగం తేలాలంటే కాగితాలు తెప్పించాలి, బానెట్ ఎత్తాలి, కారు కింద వెల్లకిలా పడుకోవాలి.

"పాత అమెరికన్ కారు ఒకటి కొనాలనుంది, ఎలా చూడాలి?" అని అడిగే మనవాళ్ళు డాలస్‌లో, డెట్రాయిట్ చుట్టుపక్కల, న్యూజెర్సీలో ఉన్నారు. వాళ్ళ కోసం ఒక్క మోడల్ పట్టుకుని చెబుతాను. పద్ధతి పట్టుబడితే మిగతా కార్లకీ పనికొస్తుంది, కానీ రికార్డుల సంగతి మాత్రం కంపెనీకొక తీరు. ఫోర్డుకైతే 1967 మోడల్ నుంచి తయారీ వివరాలు మార్టీ రిపోర్టుగా దొరుకుతాయి. అమెరికాలో అమ్ముడైన షెవ్రొలేలకి అలాంటి పూర్తి రికార్డు మిగల్లేదు. అందుకే కమారో జెడ్28 కొనేవాళ్ళు సీటు కింద దొరికే బిల్డ్ షీటు (ఆ కారుకి ఏమేం బిగించాలో ఫ్యాక్టరీలో రాసిన కాగితం) కోసం అంత ఆరాటపడతారు. పాంటియాక్ వాళ్ళ పాత ఇన్వాయిస్‌లు భద్రంగా ఉన్నాయి, జీటీఓ కొనేవాడికి అదే పెద్ద ధైర్యం.

ముందు 'అరుదు' అంటే ఏమిటో తేల్చుకోవాలి. ఆ ఏడాది వంద జీటీఓల్లో తొమ్మిదికి పైగా జడ్జ్‌లే. కన్వర్టిబుల్ జడ్జ్ 108 అంటే నిజంగా అరుదు, హార్డ్‌టాప్ జడ్జ్ అంత అరుదేం కాదు. ఎక్కువమంది కోరుకునే కారు, అంతే. 1970లో జడ్జ్‌లు 3,797కి పడిపోయాయి, 1971లో 374 మాత్రమే. వాటిలో కన్వర్టిబుల్స్ పదిహేడు. అంకెలే ధరని నిర్ణయిస్తే 1971 హార్డ్‌టాప్ ముందు 1969ది నిలవకూడదు. కానీ 1971కల్లా కంప్రెషన్ తగ్గించేశారు, పోటీ కార్ల సందడీ చల్లబడింది. జనం మనసులో నిలిచిపోయింది 1969దే.

ఇంకో ఉదాహరణ. అదే 1969లో రెండు బ్యారెళ్ళ కార్బ్యురేటర్‌తో, 265 హార్స్‌పవర్‌తో, పెట్రోలు పొదుపు కోసమని ఒక 400 క్యూబిక్ అంగుళాల ఇంజను ఇచ్చారు. అది తీసుకున్నవాళ్ళు జడ్జ్ కొన్నవాళ్ళకన్నా చాలా తక్కువ. లెక్క ప్రకారం అది జడ్జ్‌ని మించిన అరుదైన జీటీఓ. దాని కోసం వెతికేవాళ్ళు మాత్రం కనిపించరు. ఎవరికీ అక్కర్లేక తక్కువ అమ్ముడైన వస్తువు యాభై ఏళ్ళ తర్వాత కూడా ఎవరికీ అక్కర్లేనిదిగానే ఉండిపోవచ్చు. ఈ తేడా తెలియనివాళ్ళ దగ్గరే 'ప్రపంచంలో ఇలాంటిది ఇదొక్కటే' అన్న బోర్డు పనిచేస్తుంది. రంగు, సీటు గుడ్డ, గేరుబాక్సు, రియర్ యాక్సిల్ నిష్పత్తి, రేడియో, క్లాక్ అన్నీ ఒకదాని మీద ఒకటి వడగట్టుకుంటూ పోతే ఏ కారైనా చివరికి ఒక్కటే మిగులుతుంది. నేను మూడింటినే లెక్కలోకి తీసుకుంటాను: బాడీ రకం, ఇంజను, గేరుబాక్సు. నాలుగోది చెప్పడం మొదలుపెట్టారంటే అది అమ్మకం మాట.

ఇక కాగితాలు. కారు చూడ్డానికి వెళ్ళకముందే విన్ నంబరు (ప్రతి కారుకీ ఉండే గుర్తింపు నంబరు) ఫొటో తీసి పంపమంటాను. నంబరు చదివి చెబితే చాలదు, డాష్‌బోర్డు మీది పలక ఫొటో కావాలి. 1968 నుంచి ఆ పలక డ్రైవర్ వైపు డాష్ మీద, అద్దంలోంచి కనిపించేలా ఉంటుంది. 1969 జీటీఓ నంబరు 242తో మొదలవుతుంది. మొదటి 2 పాంటియాక్, 42 జీటీఓ. తర్వాతి 37 హార్డ్‌టాప్, 67 అయితే కన్వర్టిబుల్. ఆ తర్వాత 9 అంటే 1969. తర్వాతి అక్షరం ఫ్యాక్టరీ: పి అంటే మిషిగన్‌లోని పాంటియాక్, బి బాల్టిమోర్, జెడ్ కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్. చివర ఆరంకెల వరుస నంబరు. 237తో మొదలైతే అది లెమాన్స్. బయట ఎన్ని బ్యాడ్జీలు అతికించినా జీటీఓ కాదు, సంభాషణ అక్కడితో ఆపేయొచ్చు.

ఈ 242 సూత్రం 1966 నుంచి 1971 వరకే చెల్లుతుంది. 1964లో జీటీఓ వేరే మోడల్ కాదు. మధ్య సైజు కార్లలో 330 క్యూబిక్ అంగుళాలకి మించిన ఇంజను పెట్టకూడదని పాంటియాక్ మాతృసంస్థ జీఎం (జనరల్ మోటార్స్)లో అప్పుడు నియమం ఉండేది. పాంటియాక్ ఇంజనీరు జాన్ డెలోరియన్ బృందం టెంపెస్ట్ లెమాన్స్‌కి 389 ఇంజనుని ఒక ఆప్షన్‌గా చూపించి ఆ నియమాన్ని దాటేసింది. మొదటి ఏడే 32,450 అమ్ముడుపోయాయి. ఆప్షన్ కాబట్టి 1964, 1965 విన్ నంబర్లలో జీటీఓ జాడ ఉండదు. 1972లో మళ్ళీ ఆప్షన్‌గానే మార్చారు. కాబట్టి ఆ మూడేళ్ళ కార్లకి కాగితం లేకుండా డబ్బు పెట్టకూడదు.

1969 జడ్జ్‌దీ అదే సమస్య. జీటీఓ అని విన్ చెబుతుంది, జడ్జ్ అని చెప్పదు. జడ్జ్ కూడా ఒక ఆప్షనే. దాని కోడ్ డబ్ల్యూటీ1, ధర అప్పట్లో 332 డాలర్లు. అది ఉన్నదీ లేనిదీ తేల్చేది పాంటియాక్ హిస్టారిక్ సర్వీసెస్ పంపే పత్రం ఒక్కటే. అందరూ పీహెచ్‌ఎస్ అంటారు. విన్ ఇచ్చి రుసుం కడితే ఆ కారుని డీలరుకి పంపినప్పటి బిల్లు నకలు వస్తుంది. ఏ ఇంజను, ఏ గేరుబాక్సు, ఏ రంగు, ఏయే ఆప్షన్లు, ఏ డీలరు అన్నీ అందులో ఉంటాయి. అమ్మేవాడు తన దగ్గరున్న పీహెచ్‌ఎస్ ఫొటో పంపినా, నా డబ్బుతో నేను ఇంకోటి తెప్పించుకుంటాను. పాత నకళ్ళ మీద ఒక గీత చేర్చడం ఈ రోజుల్లో పిల్లల ఆట. కారు ధర పక్కన ఈ ఖర్చు లెక్కలోకి రాదు.

పీహెచ్‌ఎస్ చెప్పేది పుట్టినప్పటి సంగతి. ఇప్పుడు బానెట్ కింద ఉన్నది ఆ ఇంజనేనా అన్నది దానికి తెలియదు. అది ఇనుముని చూసి తెలుసుకోవాలి.

టార్చిలైటు, చిన్న అద్దం, వైరు బ్రష్షు, డీగ్రీజర్, గుడ్డముక్కలు తీసుకెళతాను. ఇంజను ముందు భాగంలో, ప్రయాణికుడి వైపు, సిలిండర్ హెడ్డు కిందుగా, టైమింగ్ కవర్ పక్కన రెండక్షరాల కోడ్ పంచ్ చేసి ఉంటుంది. జడ్జ్‌తో పాటు వచ్చేది రామ్ ఎయిర్ 3 అని పిలిచే 366 హార్స్‌పవర్ ఇంజను. మాన్యువల్ గేరైతే డబ్ల్యూఎస్, ఆటోమాటిక్ అయితే వైజెడ్. అదనంగా డబ్బు కట్టి రామ్ ఎయిర్ 4 తీసుకుంటే మాన్యువల్‌కి డబ్ల్యూడబ్ల్యూ, ఆటోమాటిక్‌కి ఎక్స్‌పీ. మామూలు జీటీఓ 350 హార్స్‌పవర్ ఇంజనుకి డబ్ల్యూటీ, వైఎస్. డబ్ల్యూటీ అన్న రెండక్షరాలు చూసి "ఇదిగో డబ్ల్యూటీ1, జడ్జ్!" అనేవాళ్ళు తగులుతారు. ఇంజను కోడ్‌కీ ఆప్షన్ కోడ్‌కీ సంబంధం లేదు. నిజానికి ఆ ఇంజను ఉందంటే అది పుట్టుకతో జడ్జ్‌లోది కాదనే అర్థం.

ఆ కోడ్ దగ్గరే విన్‌లోని చివరి భాగం కూడా ఉండాలి: 2, 9, ఫ్యాక్టరీ అక్షరం, ఆరంకెలు. 1968 నుంచి ఇంజను మీదా గేరుబాక్సు మీదా ఇది కొట్టేవారు. నంబరు కలిస్తే చాలు అనుకోకూడదు. ఆ చదును భాగం మీద యంత్రం వదిలిన సన్నటి గీతలు ఒకే తీరున ఉన్నాయా, గ్రైండర్ పెట్టి నున్నగా చేసి మళ్ళీ కొట్టారా అని వంచి చూడాలి. వెలుతురు నేరుగా కాక పక్కనుంచి పడితేనే ఈ తేడా బయటపడుతుంది. అక్షరాల లోతు, వరుస మరీ అందంగా ఉన్నా నాకు అనుమానమే. ఫ్యాక్టరీలో కొట్టిన అంకెలు కాస్త వంకరగానే ఉంటాయి.

తేదీలు అబద్ధం ఆడటం కష్టం. బ్లాకు వెనక, డిస్ట్రిబ్యూటర్ దగ్గర పోత పోసిన తేదీ ఉంటుంది. నెలకో అక్షరం, ఏ జనవరి, ఎల్ డిసెంబరు. తర్వాత తారీఖు, చివర ఏడాది ఒక్క అంకె. 'సి149' అంటే 1969 మార్చి 14. బానెట్ ఎత్తగానే వెనక కనిపించే బాడీ పలక మీద కారు కట్టిన నెల, వారం ఉంటాయి: '04బి' అంటే ఏప్రిల్ రెండో వారం. పోత తేదీ బాడీ తేదీ కన్నా ముందుండాలి. పాంటియాక్ నగరంలోనే కట్టిన కారుకి ఈ ఎడం తక్కువ. ఫ్రీమాంట్‌లో కట్టినదానికి ఇంజను రైల్లో దేశం దాటి వెళ్ళాలి కాబట్టి ఎక్కువ. బాడీ తేదీ తర్వాత పోసిన బ్లాకు ఆ కారులో పుట్టే ప్రశ్నే లేదు. అమ్మేవాళ్ళు విన్ నంబరు జాగ్రత్తగా కొట్టించి ఈ తేదీ సంగతి మర్చిపోతుంటారు. దాన్ని చెరిపి మళ్ళీ పోయడం మాటలు కాదు మరి.

తర్వాత హెడ్లు. మధ్య ఎగ్జాస్ట్ పోర్టుల పైన పెద్ద అంకెలు కనిపిస్తాయి. రామ్ ఎయిర్ 3 మాన్యువల్‌కి 48, ఆటోమాటిక్‌కి 62. రామ్ ఎయిర్ 4కి 722. ఆ 722 హెడ్ల ఎగ్జాస్ట్ రంధ్రాలు గుండ్రం, మిగతావి ఇంగ్లీషు 'డి' ఆకారం. రామ్ ఎయిర్ 4 ఇన్‌టేక్ మానిఫోల్డ్ అల్యూమినియం, అయస్కాంతం పట్టదు. బయట స్టికర్ మీద '4' అంకె ఉండి, మానిఫోల్డ్‌కి అయస్కాంతం అతుక్కుందంటే ఆ స్టికర్ వెల కట్టి ఊరుకోవడమే.

విన్ పలక రివెట్లు పువ్వు ఆకారంలో, ఆరు రేకులతో ఉండాలి. మామూలు గుండు రివెట్లున్నా, చుట్టూ గీతలున్నా ఆ కారు వదిలేస్తాను. ఆ పలకతో ఆటలాడటం అమెరికాలో ఫెడరల్ నేరం, కొన్నాక ఆ తలనొప్పి మనదవుతుంది. హీటర్ పెట్టె వెనక ఫైర్‌వాల్ (ఇంజనుకీ లోపలి సీట్లకీ మధ్య గోడ) మీదా, ఫ్రేమ్ మీదా కూడా విన్ చివరి భాగం దాచి కొట్టేవారు. లక్షకి పైన డాలర్లు అడుగుతున్న కారైతే ఆ పెట్టె విప్పి చూడనివ్వమని అడగడంలో మొహమాటం అక్కర్లేదు.

ఇంతవరకూ స్పాయిలర్ మాటెత్తలేదు, కావాలనే. జనం మొదట చూసేది వెనక రెక్క, కనుబొమల్లాంటి చారలు, నల్ల గ్రిల్లు, ట్రిమ్ రింగులు లేని ర్యాలీ 2 చక్రాలు, హర్స్ట్ టి-హ్యాండిల్ గేరు కర్ర, గ్లవ్‌బాక్స్ మీద పేరు. ఇవన్నీ కొత్తగా తయారుచేసి అమ్ముతున్నారు, శని ఆదివారాల్లో బిగించేసుకోవచ్చు. రంగు కూడా ఋజువు కాదు. మొదట్లో జడ్జ్‌లు కారొసెల్ రెడ్‌లోనే వచ్చాయి. పేరుకి రెడ్డే గానీ అది నారింజ, షెవ్రొలే వాళ్ళు అదే రంగుని హగ్గర్ ఆరెంజ్ అనేవారు. తర్వాత మిగతా రంగుల్లోనూ ఇచ్చారు. ఆకుపచ్చ జడ్జ్ ఉంటే అది నకిలీ కానక్కర్లేదు, నారింజ అయినంత మాత్రాన అసలుదీ కాదు.

తుప్పు విషయంలో ఈ బాడీలు పైన పటారం, లోన లొటారం. వెనక అద్దం కింది మూలల్లో నీళ్ళు నిలిచి రేకు తినేస్తుంది. అక్కణ్ణించి కారిన నీళ్ళు డిక్కీ అడుగుని తింటాయి. వినైల్ టాపు ఉంటే దాని అంచుల వెంట వేలితో నొక్కుతూ పోవాలి, బుడగలు తగిలితే కింద రేకు లేనట్టే. వెనక చక్రాల వెనకభాగం, ముందు ఫెండర్ల అడుగు, బాడీని ఫ్రేముకి పట్టే మౌంట్లు తర్వాత చూడాల్సినవి. బలం లేని చిన్న అయస్కాంతాన్ని పల్చటి గుడ్డలో చుట్టి జరుపుతూ పోతే పుట్టీ ఎక్కడుందో తెలిసిపోతుంది. ముందు బంపర్ దగ్గర మాత్రం ఈ పరీక్ష పనిచేయదు. అది ఎండ్యూరా, ఇనుము మీద పోసిన రబ్బరులాంటి పదార్థం, కారు రంగే వేస్తారు. దాని మీద మామూలు పెయింట్ వేస్తే సన్నటి పగుళ్ళు వస్తాయి, పెయింట్‌లో సాగే గుణమిచ్చే రసాయనం కలపాలి.

ఇన్నీ చూశాక కారు మూడు రకాల్లో ఒకటవుతుంది. పీహెచ్‌ఎస్‌తో, పుట్టింటి ఇంజనుతో ఉన్న జడ్జ్. నిజమైన 242 జీటీఓ, కానీ ఇంజను ఎప్పుడో మారింది. లెమాన్స్‌కి వేషం వేసింది. నడుపుకునే వాడికి నా ఓటు రెండోదానికే. రోడ్డు మీద అదే బరువు, అదే చప్పుడు, అదే తొక్కుడు, పార్కింగులో వదిలి భోజనానికి వెళితే గుండె దడ ఉండదు. మూడోది కూడా తప్పుడు కారేం కాదు, లెమాన్స్ ధరకి ఇస్తే. మొదటిది కొన్నవాళ్ళు దాన్ని గ్యారేజీలో దుప్పటి కప్పి పెట్టడం మాత్రం నాకు నచ్చదు. సీళ్ళు ఎండిపోతాయి, బ్రేకు ద్రవం తేమ పీలుస్తుంది, పెట్రోలు జిగురవుతుంది. తిరగని కారు తిరిగే కారు కన్నా త్వరగా పాడవుతుంది. అరుదైన కారులో అరుదైన విడిభాగాలు నిజానికి కొన్నే: తేదీ, నంబరు కలిసే కార్బ్యురేటర్, డిస్ట్రిబ్యూటర్, ఆల్టర్నేటర్, ఎగ్జాస్ట్ మానిఫోల్డులు, ఫ్యాక్టరీ చక్రాలు. వాటిని విప్పి, నూనె రాసి, ఫొటో తీసి, చీటీ కట్టి పెట్టెలో పెడతాను. వాటి స్థానంలో పనిచేసే ప్రత్యామ్నాయాలు బిగించి కారుని తిప్పుతాను.

నడపడానికి ముందు చేయాల్సిన పనుల్లో మొదటిది బయటికి కనిపించనిది. ఆ రోజుల్లో చప్పుడు తగ్గాలని టైమింగ్ చైను పై గేరుకి నైలాన్ పళ్ళు పెట్టేవారు. వేడికీ వయసుకీ ఆ నైలాన్ పెళుసెక్కి విరుగుతుంది. ముక్కలు సంపులోకి పడి ఆయిల్ పంపు జల్లెడని మూసేస్తాయి. చైను వదులై పళ్ళు దాటితే ఇంజను ఆగిపోతుంది, జల్లెడ మూసుకుంటే బేరింగులు పోతాయి. ఇంజను ఎప్పుడు విప్పారో బిల్లులతో సహా చెప్పలేకపోతే టైమింగ్ కవర్ తీసి, స్టీలు గేరు, డబుల్ రోలర్ చైను వేయించాలి. పాత గేరుకి పళ్ళు లేవని కనిపిస్తే సంపు కూడా దింపాల్సిందే. కవర్ తీసినప్పుడే వాటర్ పంపు వెనకున్న పల్చటి రేకు పలకని చూడండి. పంపు రెక్కలకీ దానికీ మధ్య సందు ఎక్కువైతే నీళ్ళు తోసే బలం పోయి ట్రాఫిక్‌లో ఇంజను వేడెక్కుతుంది. కొత్త రేడియేటర్ వేసినా తగ్గని వేడికి చాలాసార్లు కారణం ఇదే. పలకని జాగ్రత్తగా తట్టి రెక్కలకి దగ్గర చేయాలి. పదహారో వంతు అంగుళం లోపు ఉండాలి, తగలకూడదు. ఫ్యాన్ చుట్టూ ఉండే ష్రౌడ్ లేకపోతే ఈ పనంతా వృథా.

ఆయిలు ఫిల్టరుతో కలిపి ఆరు క్వార్టులు. ఇది ఫ్లాట్ టాపెట్ క్యామ్ కాబట్టి జింక్ ఎక్కువున్నది కావాలి, వెయ్యి పీపీఎంకి పైన. ఇప్పటి కార్ల 5డబ్ల్యూ-30లో క్యాటలిటిక్ కన్వర్టర్ల కోసం ఫాస్ఫరస్‌కి పరిమితి పెట్టారు, దానితో జంటగా ఉండే జింక్ కూడా తగ్గింది. అది పోస్తే క్యామ్ లోబులు అరిగిపోతాయి. పాత కార్ల కోసమే అమ్మే 10డబ్ల్యూ-30 లేదా 10డబ్ల్యూ-40 తీసుకోవాలి. వెనక మెయిన్ సీలు తాడు రకం. నేల మీద రెండు చుక్కలు పడితే కంగారు పడక్కర్లేదు, మరక పెద్దదవుతుంటే చూడాలి.

పెట్రోలు దగ్గరే అసలు చిక్కు. పుస్తకం ప్రకారం కంప్రెషన్ 10.75. అది సీసం కలిపిన, ఎక్కువ ఆక్టేన్ ఇంధనానికి చేసిన ఇంజను. ఇప్పటి బంకులో 93 దొరికితే ఏదోలా నెగ్గుకురావచ్చు, కాలిఫోర్నియా 91తో ఎండాకాలం టాప్ గేరులో తొక్కగానే గులకరాళ్ళు డబ్బాలో ఊపినట్టు చప్పుడొస్తుంది. ఆ చప్పుడుని వదిలేస్తే పిస్టన్ రింగు అంచులు విరుగుతాయి. నేను చేసే క్రమం ఇది: వాక్యూమ్ గొట్టం పీకి ఐడిల్‌లో ఇగ్నిషన్ టైమింగ్ 9 డిగ్రీలకి పెట్టడం, 3,000 ఆర్‌పీఎం దగ్గర మొత్తం 34కి మించకుండా చూడటం, థర్మోస్టాట్ 180 డిగ్రీల ఫారెన్‌హీట్‌ది వేయడం. అయినా ఆ చప్పుడు వస్తే టైమింగ్ రెండు డిగ్రీలు వెనక్కి. దూరప్రయాణానికి మూడు గాలన్ల 93కి ఒక గాలన్ 110 రేస్ పెట్రోలు కలిపితే 97 చుట్టూ వస్తుంది. ఇంజను ఎలాగూ విప్పుతున్నారంటే గుంట ఉన్న పిస్టన్లు వేసి కంప్రెషన్ తొమ్మిదిన్నర లోపుకి తెచ్చుకోవడం మంచిది. ఎగ్జాస్ట్ వాల్వులకి గట్టి సీట్లు కూడా అప్పుడే. అందుకోసమని ఆడుతున్న ఇంజను విప్పకండి.

పెట్రోల్లో ఇథనాల్ పాత రబ్బరు గొట్టాలని మెత్తబరుస్తుంది. ట్యాంకు నుంచి పంపు దాకా, పంపు నుంచి కార్బ్యురేటర్ దాకా గొట్టాలన్నీ ఇథనాల్‌ని తట్టుకునే రకంతో మార్చాలి. క్వాడ్రాజెట్ కార్బ్యురేటర్‌ది ఇంకో జబ్బు: అడుగున ఉండే ప్లగ్గుల్లోంచి పెట్రోలు మెల్లగా మానిఫోల్డులోకి కారిపోతుంది. వారం తర్వాత స్టార్ట్ చేస్తే గిన్నె ఖాళీ, ఎంతసేపు తిప్పినా పట్టుకోదు. కార్బ్యురేటర్ విప్పి ప్లగ్గుల మీద ఎపాక్సీ పెడితే పోతుంది. బ్యాటరీని అనుమానించి కొత్తది కొనేవాళ్ళే ఎక్కువ. ఇక ప్లగ్గు వైర్లు తీసి పెట్టేటప్పుడు ఒక మాట. వరుస 1-8-4-3-6-5-7-2, రోటర్ గడియారానికి ఎదురుగా తిరుగుతుంది. షెవ్రొలేకి అలవాటు పడ్డ మెకానిక్ అదే వరుసని ఇటు తిప్పి బిగిస్తే కార్బ్యురేటర్ లోంచి మంట తంతుంది.

బ్రేకులు మొదటి రోజే పరీక్షించాలి. డిస్కులు ఆప్షన్, చాలా కార్లకి నాలుగు వైపులా డ్రమ్ములే. ఒకసారి గట్టిగా ఆగుతాయి, రెండోసారి సందేహం, కొండ దిగుతుంటే మూడోసారికి పెడల్ గట్టిగానే ఉంటుంది గానీ కారు ఆగదు. ముందు డిస్కులు బిగించి పాత స్పిండిళ్ళు, డ్రమ్ములు పెట్టెలో పెట్టడం నా సలహా. మేళాల్లో కార్లకి మార్కులేసే పోటీలో కొన్ని పాయింట్లు పోతాయి, పోనివ్వండి. టైర్లు అప్పటివి జీ70-14 బయాస్ రకం (లోపలి దారాలు ఏటవాలుగా ఉండే పాత తీరు), రోడ్డులో గాడి ఉంటే అదే స్టీరింగ్ తిప్పుతుంది. 215/70ఆర్14 రేడియల్స్ వేసి, అలైన్‌మెంటులో కాస్టర్‌ని (ముందు చక్రం తిరిగే ఇరుసు వాలుని) పాజిటివ్ వైపు రెండు డిగ్రీల దాకా తెస్తే హైవేలో కారు తిన్నగా పోతుంది. మాన్యువల్ పుస్తకంలోని అంకె బయాస్ టైర్లకి రాసింది, దాన్ని పట్టుకు కూర్చుంటే రేడియల్స్ వేసీ లాభం లేదు.

తిప్పేటప్పుడు ఏం ఆశించాలో కూడా తెలిసుండాలి. జడ్జ్ మామూలు యాక్సిల్ నిష్పత్తి 3.55. ఓవర్‌డ్రైవ్ లేదు, గంటకి 70 మైళ్ళ దగ్గర ఇంజను 3,200 చుట్టూ తిరుగుతుంటుంది. అక్కడ నాలుగు గంటలు కూర్చుంటే చెవులు మొద్దుబారతాయి. ఈ కారు సుఖం చిన్న రాష్ట్ర రహదారుల్లో, 45 నుంచి 60 మధ్య. మూడో గేరులో ఉండగా పెడల్ సగం దాటితే క్వాడ్రాజెట్ వెనక రెండు పెద్ద బ్యారెళ్ళు తెరుచుకుంటాయి. ముందు ఆ చప్పుడు, వెంటనే వెనక్కి లాగినట్టు తోపు. డాష్ కింద ఒక నాబ్ ఉంటుంది. లాగితే బానెట్ మీది స్కూపుల తలుపులు తెరుచుకుని చల్లటి గాలి కార్బ్యురేటర్‌కి నేరుగా వెళుతుంది. వాన వస్తే మూసేయాలి, లేకపోతే నీళ్ళు తిన్నగా ఎయిర్ క్లీనర్‌లోకే. దాపుడు హెడ్‌లైట్లు ఉన్న కారైతే అవి వాక్యూమ్‌తో పనిచేస్తాయి. ఒక కన్ను తెరిచి ఒకటి మూసుకుంటే మోటారు కోసం వెతక్కండి, పగిలిన సన్న గొట్టం ఎక్కడో ఉంటుంది.

ఆగస్టులో మూడో శనివారం మిషిగన్‌లో జరిగే వుడ్‌వర్డ్ డ్రీమ్ క్రూజ్ ఈ కారుకి పుట్టినూరి జాతర. ఆ రోడ్డే డెట్రాయిట్ నుంచి పాంటియాక్ నగరం దాకా పోతుంది. వెళ్ళాలనుకుంటే వాటర్ పంపు పని ముందే పూర్తిచేసుకోండి. వేలాది కార్ల మధ్య గంటకి ఐదు మైళ్ళ వేగంతో, ఎండలో, బానెట్ల మీంచి ఆవిర్లు కక్కుతూ పక్కకి ఆగిపోయిన కార్లు ప్రతి ఏడూ కనిపిస్తాయి. శుక్రవారం పొద్దున్న వెళితే రోడ్డు కాస్త ఖాళీగా ఉంటుంది, కార్లూ మంచివే వస్తాయి. ఇన్సూరెన్సు మాత్రం ముందే ఒప్పుకున్న విలువకి ఇచ్చే 'అగ్రీడ్ వాల్యూ' పాలసీయే తీసుకోవాలి. మామూలు పాలసీ తరుగుదల లెక్కగట్టి పాత కారు ధర చేతిలో పెడుతుంది. చారిత్రక నంబరు పలక చవకే గానీ రాష్ట్రాన్ని బట్టి రోజువారీ వాడకానికి ఆంక్షలుంటాయి, చదివి తీసుకోండి.

ఉత్తరాది రాష్ట్రాల్లో ఉప్పు చల్లడం మొదలయ్యేలోపు కారు లోపలికి పోవాలి. ట్యాంకు నిండా నింపి, స్టెబిలైజర్ పోసి, అది కార్బ్యురేటర్ దాకా చేరేలా పది మైళ్ళు తిప్పి, ఆయిలు అప్పుడే మార్చాలి. పాత ఆయిల్లోని ఆమ్లం చలికాలమంతా బేరింగుల మీద కూర్చోకూడదు. టైర్లలో గాలి 40 దాకా, బ్యాటరీకి మెయింటెయినర్, సైలెన్సర్ గొట్టాల్లో ఎలకలు దూరకుండా ఇనుప పీచు. వసంతంలో మొదట ఆ పీచు తీసేయాలి. తర్వాత కాయిల్ వైరు పీకి, ఆయిల్ ప్రెషర్ ముల్లు లేచేదాకా పది సెకన్ల చొప్పున స్టార్టర్ తిప్పాలి, మధ్యలో నిమిషం ఆపాలి. ముల్లు లేచాక వైరు పెట్టి, క్వాడ్రాజెట్ వెంట్ గొట్టంలోంచి రెండు చెంచాల పెట్రోలు గిన్నెలోకి పోసి, పెడల్ రెండుసార్లు తొక్కి తాళం తిప్పితే పట్టుకుంటుంది.